దినం అయిపోయిన దాలినాయుడు

దాలినాయుడు చోడవరం చేరేసరికి అతను చచ్చిపోయి నెల దాటింది. దినం కూడా అయిపోయింది. వీధిలోవాళ్ళంతా వచ్చి, అతని పేరు చెప్పుకుని గారెలు తిని, బంగార్రాజు లోటు లేకుండా చేశాడని మెచ్చుకుని వెళ్ళారు. ఆ దినం ముగిసిన తొమ్మిదో నాడు పదకొండేళ్ళ దాలినాయుడు, చీడికాడ నరసమ్మ చెయ్యి పట్టుకుని, అనకాపల్లి నుంచి నడిచి వచ్చి ఆ ఇంటి ముందే నిలబడ్డాడు. అది పంతొమ్మిదివందల నలభై రెండో సంవత్సరం, వైశాఖమాసం, మిట్టమధ్యాహ్నం.

బంగార్రాజు ఆ కుర్రాడి పెదనాన్న. తండ్రి పోలినాయుడు పెళ్ళయిన కొత్తలోనే పెళ్ళాంతో ఓడెక్కి రంగూను వెళ్ళిపోయి, అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. దాలినాయుడు అక్కడే పుట్టాడు. జపాను వాళ్ళు రంగూను మీద బాంబులు వేసినప్పుడు ఓడ టిక్కెట్టు దొరికినవాళ్ళు ఓడెక్కారు, దొరకనివాళ్ళు కొండలు పట్టి నడిచారు. పోలినాయుడి సంసారం నడిచింది. దారిలో తల్లికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి, ఒక్క పూటలో పోయింది. నాలుగు రోజుల తర్వాత తండ్రి పోయాడు. శవానికి నిప్పు పెడదామంటే ఎండుపుల్ల ఏరే ఓపిక ఆ గుంపులో ఎవరికీ లేదు. తండ్రి పక్కనే కూర్చుని లేవనంటున్న కుర్రాడిని, అదే గుంపులో నడుస్తూ మొగుణ్ణి ముందే పోగొట్టుకున్న నరసమ్మ జుట్టు పట్టుకుని లేపి నడిపించింది. ముద్దుగా చెబితే వినే వేళ కాదది.

వాళ్ళకంటే ముందు ఊరు చేరిన ఒకడు బంగార్రాజుకి కబురు చెప్పాడు. పోలినాయుడు పోయాడు, పెళ్ళాం పోయింది, గుంటడూ పోయాడు అన్నాడు. వాడు కళ్ళతో చూసింది రెండు శవాలు, నోటితో చెప్పింది మూడు. బంగార్రాజు ముగ్గురికీ దినం పెట్టేశాడు.

ఇప్పుడు ఆ మూడోవాడు గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. కాళ్ళు పుళ్ళు పడి ఉన్నాయి. లోపలి నుంచి అన్నం ఉడుకుతున్న వాసన వస్తోంది. పెద్దమ్మ అచ్చియ్యమ్మ బయటికి వచ్చి చూసి, రెండు చేతులూ రెండు ద్వారబంధాలకి ఆనించి అడ్డంగా నిలబడింది.

"దినం అయిపోయినోడు గుమ్మం తొక్కకూడదు" అంది.

"దినమేటమ్మా, ఊపిరాడతన్న గుంటడికి దినమేటి? తాకి సూడు, ఒల్లు ఎచ్చగుంది" అంది నరసమ్మ.

పంతులుగారిని పిలిచారు. ఆయన పాపం శాస్త్రం దాచలేదు. కర్మ అయిపోయాక మనిషి తిరిగొస్తే మళ్ళీ పుట్టినట్టు చెయ్యాలి, కొత్త చేటలో పెట్టాలి, ఆ ఇంటి ఇల్లాలు తల్లిగా ఒళ్ళోకి తీసుకోవాలి, పురుడు స్నానం పోసి కొత్తగా పేరు పెట్టాలి, ఆ తర్వాత అందరితో పాటే అన్నాడు. బంగార్రాజు తల వంచుకుని అంతా విన్నాడు. "సూద్దాం" అని ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు పడింది. ఆకలి మీద ఉన్న కుర్రాడికి శాస్త్రం ఏం బుర్రకెక్కుతుంది? పెదనాన్న వీపు, ఆ తలుపు, ఆ 'సూద్దాం' మాత్రం పచ్చబొట్టులా పడిపోయాయి. ఆ సూద్దాం పదిహేనేళ్ళు నడిచింది.

నరసమ్మ చీడికాడ వెళ్ళలేదు. అక్కడ మాత్రం ఆవిడ కోసం ఎవరు కాచుకుని ఉన్నారు గనక. బుచ్చయ్యపేట దారిలో దాసుగారి చెరకు గానుగ దగ్గర కూలికి కుదిరి, ఆ వెనకే పాక వేసుకుని కుర్రాణ్ణి పెంచింది. ఊరు అతనికి కొత్తగా ఒక పేరు పెట్టింది, పురుడూ చేటా అక్కర్లేకుండానే. దినాలోడు అన్నారు. పెళ్ళి సామాను పట్టుకుని వెళుతున్నవాళ్ళు దినాలోడు ఎదురైతే వెనక్కి తిరిగి కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయల్దేరేవారు. ఆ ఏడాది బంగార్రాజు పాడిగేదె చచ్చిపోతే, చూశారా, గుమ్మం దాకా వస్తేనే ఇంత పని జరిగింది, లోపలికి వస్తే ఏమయ్యేదో అన్నారు. పశువుకి జబ్బు చేసిందని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఇంకొందరు తెలివైనవాళ్ళు, తమ్ముడి వాటా పొలం కలుపుకోడానికే బంగార్రాజు గుంటణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదని గుసగుసలాడారు. ఆ మాట దాలినాయుడి చెవిలో పడింది, నాటుకుంది. పెదనాన్న మీద అతని కోపానికి ఒక కారణం దొరికింది. కోపానికి కారణం దొరికాక మనిషి ఇంక దేనికీ వెతుక్కోడు.

నాలుగేళ్ళు పిప్పి మోసి, నాలుగేళ్ళు పొయ్యి ఎగదోసి, దాలినాయుడు పాకం చూడడం నేర్చాడు. మరుగుతున్న పెనం మీంచి చిటికెడు పాకం తీసి చన్నీళ్ళలో వేసి, వేళ్ళ మధ్య ఉండ చేసి, దించాలా ఇంకో పొంగు రానివ్వాలా చెప్పాలి. రెండు నిమిషాలు తొందరపడితే బెల్లం జారిపోతుంది, రెండు నిమిషాలు ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. అతని లెక్క తప్పేది కాదు. అతని చేతి బెల్లం ఊళ్ళో ప్రతి ఇంటికీ వెళ్ళేది. దినాలోడి చేతి బెల్లంతో దేవుడికి పరమాన్నం వండేవారు. అప్పుడు మాత్రం ఏ మైలా అంటేది కాదు. ఇలాంటి ఊళ్ళని ఏమనాలో తెలియక అతను ఏమీ అనేవాడు కాదు, ఉమ్మేసి ఊరుకునేవాడు.

యాభైలో పెళ్ళయింది. దినమైపోయినవాడికి పిల్లనెవరిస్తారు? నరసమ్మే తన చెల్లెలి కూతురు చిన్నమ్మిని చీడికాడ నుంచి తీసుకొచ్చి కట్టబెట్టింది. పెళ్ళికొడుకు తరఫున పీటల దగ్గర నిలబడ్డానికి పెద్దదిక్కు లేకపోతే గానుగ యజమాని దాసుగారు నిలబడ్డాడు. మరుసటేడు ఆడపిల్ల పుట్టింది, పైడితల్లి. దాని తర్వాత మగపిల్లాడు, పోలినాయుడు, తాత పేరు. ఆ పిల్లాడికి బాలసారె అయిన నెలకే నరసమ్మ కన్ను మూసింది. ఆవిడకి నిప్పు దాలినాయుడే పెట్టాడు.

దాలినాయుడు పాక పీకి మట్టిగోడల ఇల్లు వేసుకున్నాడు. పిల్లలు నిద్రపోతుంటే లెక్క చూసుకోవడం అతనికి అలవాటు, ఇద్దరూ ఉన్నారా అని. చిన్నమ్మి నవ్వేది.

యాభై ఆరులో ఒక సంగతి జరిగింది. పక్కవీధిలో పెళ్ళికి పసుపు దంచుతున్నారు. వీధిలో ఆడపిల్లలందరికీ తలో అరటిపండు ఇస్తున్నారంటే ఐదేళ్ళ పైడితల్లి కూడా పరిగెత్తింది. కాసేపటికి ఉత్తచేతుల్తో తిరిగొచ్చి తండ్రి ముందు నిలబడింది.

"అయ్యా, నువ్వు సచ్చిపోయేవంట. మరి బెల్లం ఎవులు ఒండుతన్నారు?" అని అడిగింది.

ఆ రోజు దాసుగారి గానుగలో మొదటిసారి పాకం మాడిపోయింది. తనని ఏమన్నా పడ్డాడు గానీ, పిల్ల దాకా వచ్చాక దాలినాయుడికి ఒకటే పట్టుదల పట్టుకుంది. ఆ ఇల్లే తనని చంపింది, ఆ ఇల్లే తను బతికున్నానని పదిమంది ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే రేపు ఈ పిల్ల మెళ్ళో పుస్తె కట్టడానికి ఎవడొస్తాడు?

అయితే ఆ ఇంటి మనిషి తన దగ్గరికి రాలేదా అంటే, వచ్చాడు. రెండుసార్లు వచ్చాడు. ఒకసారి యాభై మూడులో చెరకు బండితో పాటు గానుగకి వచ్చి, పెనం పక్కన నిలబడి, "దాలీ" అని పిలిచాడు బంగార్రాజు. దాలినాయుడు పొయ్యిలోకి పచ్చి పిప్పి తోశాడు. పొగ లేచింది. ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. రెండోసారి, ఆ అరటిపండు సంగతి జరిగిన నెలకే, ఒంట్లో బాగులేక కర్ర పట్టుకుని ఇంటి ముందుకొచ్చి రోడ్డు మీద నిలబడ్డాడు. దాలినాయుడు తలుపు వేసేశాడు. ముసలాయన ఎండ నెత్తి మీదకి వచ్చేదాకా నిలబడే ఉన్నాడని చిన్నమ్మి కిటికీలోంచి చూసి చెప్పింది. ఆ మధ్యాహ్నం దాలినాయుడికి అన్నం మహా రుచిగా ఉంది. ఆ మాట పెళ్ళాంతో అన్నాడు కూడా.

యాభై ఏడు వేసవిలో బంగార్రాజు పోయాడు.

తెల్లవారకుండా పోయాడు, పొద్దెక్కినా పాడె లేవలేదు. మగపిల్లలు లేరు, ఇద్దరు పుట్టి పసితనంలోనే పోయారు. ఒక్కతే కూతురు రాజ్యం, కె.కోటపాడులో ఇచ్చారు. అల్లుడు గణపతిరావు వచ్చాడు గానీ రాజ్యానికి ఏడో నెల. పెళ్ళాం కడుపుతో ఉన్నవాడు పాడె పట్టకూడదు, నిప్పు పెట్టకూడదు. ఇంటిపేరు గలవాడు ఇంకొకడే ఉన్నాడు ఊళ్ళో. వాడికి దినం అయిపోయింది.

పదిహేనేళ్ళు చచ్చి ఉన్నవాడు అరగంటలో బతికేశాడు. అవసరానికున్న మహిమ అలాంటిది. నలుగురు పెద్దలు గానుగ దగ్గరికి వచ్చారు. అందులో ఒకాయన రెండోవాడితో, వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకోలేదేటి అన్నాడు మెల్లగా. మెల్లగానే అన్నాడు గానీ దాలినాయుడికి వినబడింది.

"గాడిద ఇక్కడే ఉంది. పట్టుకోండి కాళ్ళు" అన్నాడు.

"ఒరే బాబూ, సచ్చినోడి మీద పంతమేట్రా?"

"సచ్చినోడి మీద పంతం నాకు మీరే నేర్పేరు. పదిహేనేళ్ళ బట్టి నా మీద ఎట్టుకోనేదేటి?"

వాళ్ళు వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చారు. మళ్ళీ పంపేశాడు. ఎండ ముదిరింది. అవతల ఇంట్లో శవం ఏ స్థితిలో ఉంటుందో ఊళ్ళో అందరికంటే అతనికే బాగా తెలుసు. అయినా కదల్లేదు, కసి తీరా కూర్చున్నాడు. చిన్నమ్మి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

"మావా, ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీ అయ్యకి నిప్పెవులెట్టేరు?"

అతను చెంబు పక్కకి జరిపాడు.

"ఎవులూ ఎట్టలేదు కదా. నిద్రలో ఇప్పటికీ ఉలిక్కిపడతావు. ఆ ముసలాయన్ని కూడా అలాగే ఒగ్గీసి, మల్లీ ఇంకో పదిహేనేళ్ళు ఉలిక్కిపడతావేటి?"

ఆడది ఎక్కడ కొట్టాలో అక్కడ కొట్టింది. దాలినాయుడు నీళ్ళు తాగి లేచాడు. మూడోసారి వస్తున్న పెద్దలకి వీధి మొగలోనే ఎదురెళ్ళి, ఒక షరతు మీద వస్తానన్నాడు. పెరటిదారిన రాడు. వీధి గుమ్మంలోంచి వెళతాడు. పెద్దమ్మ నోటితో, తన పేరుతో, లోపలికి రమ్మని పిలవాలి. ఊరంతా వినాలి.

ఊరంతా ఉంది ఆ ఇంటి ముందు. అచ్చియ్యమ్మ గుమ్మంలోకి వచ్చింది. ముసలిదైపోయింది, చేతులు ఇప్పుడు రెండు ద్వారబంధాలకీ అందేలా లేవు. అతని మొహం వంక చూడకుండా, మెట్ల వంక చూస్తూ, "దాలినాయుడూ, లోపలికి రా" అంది. గొంతులో ప్రేమ లేదు, పశ్చాత్తాపమూ లేదు. పాఠం అప్పజెప్పినట్టు ఉంది, అంతే. దాలినాయుడు గుమ్మం దాటాడు. ఇన్నేళ్ళూ దీనికోసం కొట్టుకున్నాడు, దాటాక చూస్తే లోపల ఒక శవమూ, ఏడుస్తున్న రాజ్యమూ తప్ప ఏమీ లేవు. అతనికి ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. కుండ పట్టుకుని ముందు నడిచాడు.

కర్మ పట్టినవాడు పన్నెండు రోజులూ ఆ ఇల్లు వదలకూడదు. రోజూ ఒక పూటే భోజనం. చుట్టాలు చుట్టూ ఉన్నా, వడ్డన మాత్రం అచ్చియ్యమ్మే చేసేది. విస్తరి వేసేది, అన్నం పెట్టేది, ఒక్క మాట ఉండేది కాదు. కావాలా అని అడిగేది కాదు, చాలని అతను చెప్పేవాడు కాదు. అతని తిండి ఎంతో ఆవిడకి నాలుగు రోజుల్లో తెలిసిపోయింది, అది చూస్తే అతనికి మరీ మంట. ఎనిమిదో రోజు మామిడికాయ పప్పు పెట్టింది. బాగుంది. బాగున్నందుకు తన నాలికనే తిట్టుకున్నాడు. చిన్నమ్మి రోజూ పిల్లల్ని తీసుకొచ్చి అరుగు దగ్గర నిలబెట్టి చూపించి తీసుకుపోయేది. పైడితల్లి అరుగెక్కబోతే అతనే వద్దని చెయ్యి ఊపేవాడు. ఈ గుమ్మం తనకి చాలు, పిల్లకి అక్కర్లేదు అనుకున్నాడు. ఏ పిల్ల కోసం ఈ గుమ్మం దాటాలనుకున్నాడో ఆ పిల్లనే వద్దంటున్నాడు. కోపం ఎప్పుడు తిన్నగా నడిచింది గనక?

పన్నెండో రోజు ఏటి ఒడ్డున పిండం పెట్టారు. వీధిలో మగవాళ్ళంతా వచ్చారు, ఆడవాళ్ళు కొంచెం దూరంగా గట్టు మీద కూర్చున్నారు. పంతులుగారు మంత్రం చెప్పాడు, దాలినాయుడు ఆకులో ముద్ద పెట్టి వెనక్కి జరిగాడు. ఇక కాకి వచ్చి ముట్టాలి.

కాకులు ఉన్నాయి. తాటిచెట్టు మీద ఆరేడు ఉన్నాయి. దిగలేదు. కావ్ కావ్ అని పిలిచారు, చప్పట్లు కొట్టారు, దూరంగా జరిగారు. అరగంట గడిచింది. గారెలు చల్లారిపోతున్నాయన్న బాధ కొందరి మొహాల్లో కనబడుతూనే ఉంది.

"మనసులో ఏదో ఉండిపోయింది పోయినాయనకి" అన్నాడు పంతులుగారు.

ఏముండిపోయిందో పెద్దలు వెంటనే తేల్చేశారు. ముసలిదాని మీద బెంగ. రాజ్యం అత్తవారింట్లో ఉంటుంది, ఈవిణ్ణి చూసేదెవరు? అందరూ దాలినాయుడి వైపు తిరిగారు.

"సెప్పరా. పెద్దమ్మని నాను సూస్తానని ఒక మాట సెప్పు. కాకి దిగుతాది."

దాలినాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎంత తేలిక వీళ్ళకి. చంపినప్పుడు అడగలేదు, బతికించినప్పుడు అడగలేదు, ఇప్పుడు మోయమంటున్నారు. చెప్పనన్నాడు. నిప్పు పెట్టడానికి వచ్చాను, పెట్టాను, ఇంక నన్నేమీ అడక్కండన్నాడు. పెదనాన్న కడుపు మాడితే మాడనీ, నా కడుపు మాడలేదా అన్నాడు. పంతులుగారు చెవులు మూసుకున్నాడు.

గట్టు మీంచి అచ్చియ్యమ్మ లేచింది. ఆడవాళ్ళు ఆపబోయినా ఆగకుండా, మగవాళ్ళ మధ్య నుంచి నడిచి వచ్చి ఆకు ముందు నిలబడింది. దాలినాయుడితో కాదు, ఆకుతోనే మాట్లాడింది.

"నీ మనసులో ఉన్నది నాకు తెలుసు. నువ్వు సెప్పొద్దన్నావు, నాను సెప్పనేదు. ఇప్పుడు సెప్పీస్తన్నాను, తిను." అప్పుడు పక్కకి తిరిగింది. "మీ పెదనాన్న ఆ రాత్రే కొత్త సేట తెచ్చేడు. కొత్త పంచె తెచ్చేడు. ఒల్లోకి తీసుకోవాల్సింది నాను. నాను ఒల్లనన్నాను. నా ఒల్లో ఇద్దరు మగగుంటలు పోయేరు. మిగిలింది రాజ్యం. సచ్చి ఒచ్చినోడ్ని ఒల్లో ఎట్టుకుంటే దాన్నీ పట్టుకుపోతాడని బయమేసింది. తెస్తే నూతిలో దూకుతానన్నాను. ఏటా అడిగేడు. ఏటా అదే సెప్పేను. నీ వాటా మీద ఆయనకి ఆశ నేదు. నా పేరు ఊళ్ళో సెడకూడదని పడ్డాడు అన్నీ."

దాలినాయుడికి పచ్చి పిప్పి పొగ గుర్తొచ్చింది. ఎండలో కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. పదిహేనేళ్ళు తిట్టుకున్న మనిషి ఆ తిట్లు తినాల్సినవాడే కాదు, తినాల్సిన మనిషి ఎదురుగా ముసలిదై నిలబడి ఉంది. పెదనాన్నా, ఏటి సెప్పడానికొచ్చేవు అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. తలుపు వేసుకుని రుచిగా అన్నం తిన్నాడు.

"ఇన్నేళ్ళూ కడుపులో దాసుకుని, ఇంతమంది ముందు ఇప్పుడెందుకు సెప్తన్నావు?" అన్నాడు.

"ఆయన ఆకలితో పోకూడదు" అంది అచ్చియ్యమ్మ.

"నానూ ఆకలితోనే ఒచ్చేను పెద్దమ్మా. పదకొండేళ్ళోడ్ని."

అచ్చియ్యమ్మ ఇసకలో అలాగే కూలబడిపోయింది. దాలినాయుడు ఆవిణ్ణి లేపలేదు. లేపాలని అతనికి అనిపించలేదు, అనిపించనిది చేసే మనిషి కాదు. ఆకు దగ్గరికి వచ్చి, చేతులు జోడించకుండానే, వంగి చెప్పాడు.

"పెదనాన్నా, ఈవిడికి కూడు నానెడతాను. బతికున్నన్నాళ్ళూ ఎడతాను. చమించీసేనని కాదు. ఆకలంటే ఏటో నాకు తెలుసు, అందుకు. నువ్వు తిను."

వెనక్కి తిరిగి చూడకుండా ఏట్లో దిగి మునిగాడు. తల పైకెత్తేసరికి ఒడ్డున అందరూ వచ్చింది వచ్చింది అంటున్నారు. అతను నీళ్ళలోనే నిలబడి, మొహం కడుక్కుంటున్నవాడిలా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు ఏడ్చాడు.